ఆకారమును చూచి గుణమును నిర్ణయించుట: కొన్ని పాశ్చాత్య భయానక నవలలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలలో గ్రంథాలయోద్యమమును గూర్చి గాని, విద్యావ్యాప్తిని గూర్చి గాని మాట్లాడుట ఆచారము. ఆ పనిని నాకంటె సమర్థులు ఉదయమునుండి చేయుచునే యున్నారు. నన్ను మాత్రము సాహిత్య విషయమేదైన చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. ఈ గ్రంథాలయమున అట్టలూడి, పుటలు నలిగి, ఎక్కువమంది చేతులలో తిరిగిన పుస్తకము లెవ్వియో మీకు తెలియనిది కాదు. దయ్యముల కథలు, హత్యల కథలు, పాడుపడిన కోటల కథలు. పెద్దలు వానిని చూచి ముఖము చిట్లింతురు. అట్టి కథలను వ్రాసిన పాశ్చాత్యులలో కొందరు గొప్ప ఆలోచనాపరులనియు, ఒక చిక్కుప్రశ్నను వారు నూరేండ్లకు పైగా విడువక పట్టుకొనిరనియు చూపుటకే నేడు ఈ విషయమును ఎన్నుకొంటిని. మనుష్యుని ముఖమును చూచి వాని మనసును తెలిసికొనవచ్చునా అనునదే ఆ ప్రశ్న.

ఈ ప్రశ్న మనకును క్రొత్తది కాదు. సాముద్రికము మన దేశమున చిరకాలముగా నున్నది. తోలుబొమ్మలాటలో తెరమీదికి బొమ్మ వచ్చినదే తడవుగా, అది నోరు విప్పక మునుపే, ఇతడు రాముడు, ఇతడు రావణుడు అని పసిపిల్లలు సైతము చెప్పుదురు. ఆటకు అది అవసరమే. అర్ధరాత్రివేళ నిద్రమత్తులో నున్న ప్రేక్షకునకు ఎవరెవరో తెలియకపోయినచో కథ నడువదు. చిక్కెల్ల ఆ కన్నులతోనే మరునాడు బజారులోని మనుష్యులను చూచుటలో నున్నది.

ఇక విషయమునకు వత్తును. ఇంగ్లండునందు ఈ భయానక నవలకు మూలపురుషుడు హోరేస్ వాల్పోల్. ఆయన 1764 చివర 'ఒట్రాంటో దుర్గము' అను కథను ప్రకటించి, మరుసటి సంవత్సరపు రెండవ కూర్పునకు 'గోథిక్ కథ' అని ఉపనామము చేర్చెను. నాటినుండి కోటలు, సొరంగములు, శాపములు గల నవలలకు గోథిక్ నవలలను పేరు స్థిరపడినది. ఆ కథలో థియొడోరు అను ఒక పల్లెటూరి యువకుడు కలడు. అతని ముఖము, ఎప్పుడో గతించిన అల్ఫాన్సో అను ప్రభువు చిత్రపటమును అచ్చుగ్రుద్దినట్లుండును. చివరకు అతడే ఆ దుర్గమునకు నిజమైన వారసుడని తేలును. అనగా ముఖము అబద్ధమాడలేదు. తరువాత 1797లో ఆన్ రాడ్‌క్లిఫ్ అను రచయిత్రి వ్రాసిన 'ది ఇటాలియన్' నవలలో స్కెడోని అను సన్న్యాసి వచ్చును. పాలిపోయిన మొగము, ఎదుటివాని గుండెలోనికి దూసికొనిపోవు చూపు. అతడు దుష్టుడని పాఠకునకు వెంటనే అనుమానము కలుగును, ఆ అనుమానము వమ్ము కాదు. తొలినాటి గోథిక్ రచయితలకు ముఖముమీద ఇంత నమ్మకముండెను.

ఆ నమ్మకమునకు ఒక శాస్త్రపు పేరు కూడ నాడు లభించినది. జ్యూరిచ్ నగరమున లావాటర్ అను క్రైస్తవ మతాచార్యుడు 1775 మొదలు 1778 వరకు నాలుగు పెద్ద సంపుటములలో ముఖలక్షణ శాస్త్రమును ప్రకటించెను. నుదురు ఇట్లుండిన బుద్ధి ఇట్లుండును, ముక్కు ఇట్లుండిన పట్టుదల ఇట్లుండును అని ఆయన బొమ్మలతో సహా వివరించెను. యూరోపు అంతయు ఆ గ్రంథము చదివినది. యౌవనమున గేటే మహాకవి సైతము దానికి సాయపడెను. దాని ప్రభావము ఎంత దూరము పోయినదో చెప్పుటకు ఒక్క ఉదాహరణము. 1831లో 'బీగిల్' అను ఓడ ప్రపంచయాత్రకు సిద్ధమైనప్పుడు దాని కప్తాను ఫిట్జ్‌రాయ్, తనతో రాదలచిన యువకుని ముక్కును చూచి, ఇట్టి ముక్కు గలవానికి ఇంత యాత్రకు వలసిన పట్టుదల యుండునా అని సందేహించెనట. ఆ యువకుడు చార్లెస్ డార్విన్. ఈ మాట డార్విన్‌గారే తమ స్వీయచరిత్రలో వ్రాసికొనిరి. కప్తానుగారు ఆ సందేహమునకే కట్టుబడి యుండినచో జీవశాస్త్రము గతి ఏమై యుండెడిదో!

అంతకంటె విచిత్రమైనది మరియొకటి. 1797 ఆగస్టు 30వ తేదీన లండనులో ఒక ఆడశిశువు జన్మించినది. తల్లి స్త్రీల హక్కులకై పోరాడిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్. తండ్రి విలియం గాడ్విన్ అను తత్త్వవేత్త. ప్రసవమైన పదునొకండవ దినమున తల్లి మరణించెను. ఆ దుఃఖములో తండ్రి తన మిత్రుడైన నికల్సన్ అను రసాయన శాస్త్రజ్ఞుని పిలిచి, మూడు వారములైనను నిండని ఆ శిశువు ముఖమును చూచి భవిష్యద్గుణములు చెప్పుమని కోరెను. మన యిండ్లలో జాతకము వ్రాయించినట్లే కదా! ఆ పెద్దమనిషి తల ఆకృతిని పరిశీలించి జ్ఞాపకశక్తియు, తెలివియు గలవని వ్రాసి యిచ్చెను. బిడ్డ ఏడ్చుచుండుటచే నోటిని చక్కగా చూచుటకు వీలుపడలేదట. ఆ ఏడ్చిన బిడ్డయే పెరిగి పెద్దదై, ముఖమును చూచి గుణమును చెప్పు అలవాటు ఎంత ఘోరమునకు దారితీయునో లోకమునకు చూపిన నవలను వ్రాసినది. ఆమె పేరు మేరీ షెల్లీ. ఆ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్'.

1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున, వర్షములచే ఇల్లు కదలలేని దినములలో, బైరన్ కవి తలా ఒక దయ్యపు కథ వ్రాయుదమని మిత్రులతో పందెము వేసెను. నాటికి మేరీకి పదునెనిమిదేండ్లు. ఆ పందెమునుండి పుట్టిన నవల 1818 జనవరిలో మూడు సంపుటములుగా, రచయిత పేరు లేకుండ వెలువడినది.

కథను టూకీగా చెప్పెదను. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అను జెనీవా యువకుడు శవముల అవయవములను కూర్చి ఒక మనుష్యుని చేసి ప్రాణము పోయును. చాలమంది ఆ సృష్టికే ఫ్రాంకెన్‌స్టైన్ అని పేరనుకొందురు. అది పొరపాటు. సృష్టించినవాని పేరది, సృష్టింపబడినవానికి నవలలో పేరే లేదు. పేరు పెట్టువారు ఉండవలెను కదా! ఎనిమిదడుగుల ఆ శరీరమునకు అవయవములన్నియు అందమైనవే ఏరితినని విక్టర్ చెప్పుకొనును: నల్లని నిగనిగలాడు జుట్టు, ముత్యముల వంటి పండ్లు. కాని ప్రాణము వచ్చి, ఆ పసుపుపచ్చని చర్మము క్రింద నరములు కదలి, నీరుగారిన కన్నులు తెరచుకొనగనే, చేసినవాడే భయపడి గదినుండి పారిపోయెను. అప్పటికి ఆ ప్రాణి చేసిన నేరమేమి? ఏమియు లేదు. కన్నులు తెరచినది, అంతే.

ఇక్కడ రచయిత్రి నేర్పును గమనింపుడు. విక్టర్ ఆ రాత్రి హఠాత్తుగా అట్లు ప్రవర్తించినవాడు కాడు. చిన్ననాటినుండియు అతని చూపే అట్టిది. అతడు ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయమున చేరినప్పుడు క్రెంప్ అను ఆచార్యుని చూచెను. పొట్టివాడు, గరుకు గొంతు, చూడ బాగుండని మొగము. విక్టర్ చదువుచున్న పాత మంత్రవాదపు గ్రంథములు పనికిరానివని క్రెంప్ నిష్కర్షగా చెప్పెను. అది నిజము, హితము. కాని చెప్పినవాని మొగము నచ్చనందున ఆ శాస్త్రమే విక్టర్‌కు రుచింపలేదు. తరువాత వాల్డ్‌మన్ అను మరియొక ఆచార్యుని ఉపన్యాసము వినెను. దయ గల మొగము, మధురమైన కంఠము. వెంటనే మనసు కరగెను. ఆ మధురకంఠుని మాటలే అతనిని ఆ దారుణమైన ప్రయోగమునకు పురికొల్పినవి! కథలో చిన్న విషయముగా తోచును. నా మట్టుకు, గ్రంథమునకంతకును తాళపుచెవి ఇచ్చటనే యున్నదని తోచును. 1831లో నవలను సవరించినప్పుడు ఆమె మరియొకటి చేర్చినది. విక్టర్ తల్లి ఒక పేదవాని గుడిసెలో ఐదుగురు ఆకలిగొన్న పిల్లలను చూచును. నలుగురు నల్లకన్నుల మొరటు పిల్లలు, ఒకతె బంగారు జుట్టుగల తెల్లని బాలిక. ఆమె ఎవరిని పెంచుకొనినదో నేను చెప్పనక్కరలేదు. తక్కిన నలుగురి ఆకలి సంగతి కథలో మరల రాదు.

విడిచిపెట్టబడిన ఆ ప్రాణి అడవులు తిరిగి ఒక ఇంటి ప్రక్కనున్న పాకలో దాగెను. ఆ యింటివారు ఫ్రాన్సునుండి వెడలగొట్టబడి జర్మనీలో పేదరికమున బ్రతుకుచున్న డి లేసీ కుటుంబము. తండ్రి గ్రుడ్డివాడు. గోడ సందులోనుండి వారిని చూచుచు ఆ ప్రాణి భాష నేర్చెను. వారి కష్టము చూచి, వారి ఆహారమును దొంగిలించుట మానివైచి, రాత్రివేళ అడవిలో కట్టెలు కొట్టి తెచ్చి గుమ్మములో పెట్టెను. ఎవరు తెచ్చిరో వారికి తెలియలేదు. ఆ ప్రాణికి దారిలో ఒక తోలుపెట్టె దొరకినది. అందులో మూడు పుస్తకములు: మిల్టన్ కావ్యము, ప్లుటార్కు వ్రాసిన మహాపురుషుల జీవితములు, గేటే వ్రాసిన వెర్థర్ కథ. ఈ మూడింటిని చదివి అది కన్నీరు కార్చినది. గ్రంథాలయ సభలో ఈ మాట చెప్పక పోరాదు. ఆ ప్రాణికి విద్య గరపినవి పుస్తకములే. పుస్తకము మాత్రమే దాని ముఖమును చూడక దానితో మాట్లాడినది.

ఒకనాడు ఇంటిలో తక్కినవారు లేనివేళ ఆ ప్రాణి ధైర్యము చేసి గ్రుడ్డి వృద్ధుని కడకు వెళ్లినది. వృద్ధుడు కూర్చుండుమనెను. మాటలు వినెను. నీ ముఖము నాకు కనబడదు గాని నీ మాటలలో నిజాయితీ తోచుచున్నదను భావముతో ఆదరించెను. ఇంతలో కుమారుడు ఫెలిక్సు వచ్చెను. చూచెను. కఱ్ఱతో బాదెను. గ్రుడ్డివానికి కనబడినది కన్నులున్నవానికి కనబడలేదని మనమందుము. కాని ఫెలిక్సు దుర్మార్గుడు కాడు. అన్యాయముగా చెరలో పడిన ఒక తురుష్కుని విడిపించుటకై తన ఆస్తినంతయు పోగొట్టుకొన్న ఉదారుడు. అట్టివాడే కఱ్ఱ యెత్తెను. ఈ నవలను చదివి మనము ఉలికిపడవలసిన చోటు ఇది.

తరువాత నీటిలో కొట్టుకొనిపోవుచున్న బాలికను ఆ ప్రాణి రక్షించినది; దానికి తుపాకిగుండు ప్రతిఫలము. పసిపిల్లలకు ఇట్టి ద్వేషముండదని యెంచి ఒక బాలుని పట్టుకొన్నది. ఆ బాలుడు రాక్షసుడని కేక వేసెను. అతడు విక్టర్ తమ్ముడు. ఆ క్షణమున అది హత్య చేసినది. ఆ పిమ్మట మరికొన్ని. దానిని నిరపరాధిగా చూపుటకు మేరీ షెల్లీ ప్రయత్నింపలేదు, నేనును ప్రయత్నింపను. పసివాని గొంతు పిసికినవానిని లోకము క్షమింపదు. కాని ఆ హత్యకు ఉరిశిక్ష పొందినదెవరు? జస్టిన్ అను దాసీపిల్ల. పిల్లవాని మెడలోని పతకము ఆమె జేబులో దొరకినది. న్యాయస్థానమున ఆమె నిర్భయముగా నిలుచున్నది, అందమైన ముఖముతో. చూచినవారికి, ఘోరము చేసినదను తలంపు ముందే యుండుటచే, ఆ అందము జాలి పుట్టింపలేదు. చూచువాని మనసులో ముందున్నదే ముఖముమీద కనబడునని మేరీ షెల్లీ ఇక్కడ చెప్పక చెప్పినది.

1931లో హాలీవుడ్డులో ఈ కథను చలనచిత్రముగా తీసినప్పుడు ఒక మార్పు చేసిరి. సేవకుడు మంచి మెదడును జారవిడిచి వికృతమైన మెదడును తెచ్చుటచే ఆ ప్రాణి క్రూరమైనదట! నవలలో ఇట్టిది లేదు. మాటలాడ నేర్చిన ప్రాణిని మూగదానిని కూడ చేసిరి. బోరిస్ కార్లాఫ్ నటన గొప్పదే. కాని పుట్టుకలోనే నేరమున్నదని చెప్పిన తరువాత చూచువారికి బాధ్యత ఏమున్నది?

తరువాతి కాలపు రెండు నవలలను గూర్చి కొంచెము చెప్పెదను. స్టీవెన్‌సన్ 1886లో ప్రకటించిన కథలో డాక్టరు జెకిల్ అను మర్యాదస్థుడు ఒక ఔషధము త్రాగి హైడ్ అను నీచుడుగా మారును. హైడ్‌ను చూచినవారందరును అసహ్యించుకొందురు. ఏమి వికారమని అడిగిన, ఒక్కరును చెప్పలేరు. రచయిత మెలకువ అక్కడ నున్నది. అయినను పాపమునకు పొట్టి, వికృతరూపమును, పుణ్యమునకు నిండైన విగ్రహమును ఇచ్చి ఆయన పాత దారినే కొంత నడచెనని నా అభిప్రాయము. ఆస్కార్ వైల్డ్ 1890లో పత్రికలోను, 1891లో పుస్తకముగను ప్రకటించిన 'డోరియన్ గ్రే చిత్రము' ఇందుకు తలక్రిందులు. డోరియన్ చేసిన పాపములన్నియు అటకమీద దాచిన అతని చిత్రపటమున పేరుకొనును. అతని ముఖము మాత్రము ఇరువదేండ్ల లేతదనము విడువదు. తన సోదరి చావునకు కారకుడైన వానిని పదునెనిమిదేండ్ల తరువాత ఒక నావికుడు చీకటిలో పట్టుకొని తుపాకి గురిపెట్టును. దీపము క్రిందికి తెచ్చి నా ముఖము చూడుమనును డోరియన్. చూచి, ఇంత చిన్నవాడు ఆ నేరము చేసియుండడని నావికుడు విడిచిపెట్టును. మేడిపండు సామెతకు ఇంతకంటె భయంకరమైన వ్యాఖ్యానమును నేను చదువలేదు.

ఇవి కథలే కదా యని తోచవచ్చును. కాని ఇదే కాలమున ఇటలీలో లాంబ్రోసో అను వైద్యుడు 1876లో ఒక గ్రంథము వ్రాసి, నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడనియు, దవడ, చెవులు, నుదురు చూచి వానిని గుర్తింపవచ్చుననియు వాదించెను. 1897లో వచ్చిన 'డ్రాకులా' నవలలో ఒక పాత్ర ఆయన పేరు చెప్పి మరీ డ్రాకులా ప్రభువును నేరస్థజాతిలో చేర్చును. చివరకు ఇంగ్లండు చెరసాలల వైద్యుడు గోరింగ్, సుమారు మూడువేలమంది ఖైదీలను కొలిచి, బయటివారి కొలతలతో పోల్చి, అట్టి ప్రత్యేక నేరస్థరూపము లేదని 1913లో ప్రకటించెను.

మన దేశమునకును ఆ కొలత టేపులు వచ్చినవి. మద్రాసు మ్యూజియము అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ కులముకులముగా తలలను, ముక్కులను కొలిపించి, 1909లో ఏడు సంపుటములు ప్రకటించెను. నేరము పుట్టుకలోనే యున్నదను భావముతో 1871లో చేసిన చట్టము కొన్ని జాతులను మొత్తముగా నేరస్థ జాతులని ముద్రవేసినది. 1911లో దానిని మద్రాసు రాజధానికిని వర్తింపజేసిరి. మన బాపట్ల సమీపమున స్టువర్టుపురము ఆ చట్టము క్రింద సాల్వేషన్ ఆర్మీవారు నడిపిన స్థావరము. అచ్చట ఎరుకలవారి బిడ్డ ఊయలలో నుండగానే నేరస్థజాతి బిడ్డ యనిపించుకొనినది. ఆ చట్టము 1952 ఆగస్టు చివర రద్దయినది. ఊరిపేరు వినగానే సంచి తడుముకొను అలవాటు రద్దయినదా? ఊరిలో దొంగతనము జరిగిన, మొదట ఎవరి గుడిసెకు పోవుదురు? పెండ్లిచూపులలో అరగంట కూర్చుండి పిల్ల గుణమును నిర్ణయించు మనము, లావాటరును చూచి నవ్వుటకు అర్హులమా యని సోదరీమణులు నన్ను అడిగినచో నాకడ సమాధానము లేదు.

2006లో అమెరికాలో విల్లిస్, టొడొరొవ్ అను పరిశోధకులు ప్రకటించిన ఫలితములను బట్టి, క్రొత్త ముఖమును సెకనులో పదవవంతు చూచినంతనే నమ్మదగినవాడా కాదా యని మనసు తీర్పు చెప్పును. ఎక్కువసేపు చూపినను ఆ తీర్పు పెద్దగా మారదు; ధీమా మాత్రము పెరుగును. 2016లో చైనాలో ఇద్దరు పరిశోధకులు 1856 ఫోటోలను కంప్యూటరునకు చూపి నేరస్థులను ముఖమునుబట్టి గుర్తించితిమనిరి. ఇతర శాస్త్రజ్ఞులు తీవ్రముగా ఖండించిరి: యంత్రము చూచినది గుణమును కాదు, ఫోటోలోని చొక్కా కాలరును, చిరునవ్వును కావచ్చునని. లావాటర్ మరల కంప్యూటరు రూపమున అవతరించినాడన్న మాట.

కనుక చూడగనే మనసు పలుకు ఆ తొలి మాటను మనము ఆపలేము. ఇది మేరీ షెల్లీకి తెలియును. మంచుకొండలమీద విక్టర్‌ను కలిసికొన్న ఆ ప్రాణి ఏమి చేసినదో చూడుడు. తన చేతులతో అతని కన్నులు మూసినది. నన్ను చూడవలదు, నా కథ మాత్రము వినుమని వేడుకొన్నది. విక్టర్ వినెను. జాలిపడెను. కాని మరల కన్నెత్తి ఆ రూపమును చూచినప్పుడెల్ల ఆ జాలి అసహ్యముగా మారెను. వినుటకును చూచుటకును నడుమ ఆ యువకుని మనసు ఊగిసలాడిన తీరు ఆ పుటలలో మీరే చదువవలెను.

నవల చివర, ఉత్తర ధ్రువపు మంచులో చిక్కి విడివడిన ఓడలో విక్టర్ మరణించును. ఓడ యజమాని వాల్టన్ గదిలోనికి రాగా ఆ ప్రాణి శవముమీద వంగి విలపించుచుండును. ఆ ముఖమును చూచి వాల్టన్ కూడ అప్రయత్నముగా కన్నులు మూసికొనెను. మనవంటివాడే. కాని అతడు పారిపోలేదు, కఱ్ఱయు ఎత్తలేదు. కన్నులు మూసికొనియే, వీనియెడల నా ధర్మమేమి యని ఆలోచించుకొని, వెళ్లబోవుచున్న దానిని నిలువుమని పిలిచెను.